ఈ పరమాణువే ఎందుకు? లైబ్నిజ్ ప్రశ్నకు ఫిజిక్స్ చెప్పిన సగం జవాబు

మౌలాలి గుట్ట ఎక్కేవాళ్లు కాళ్ల కింద రాయి గురించి పెద్దగా పట్టించుకోరు. పైన దర్గా, కింద రైలు పట్టాలు, చుట్టూ కనుచూపు మేర కాలనీలు. చూడ్డానికి వేరే చాలా ఉన్నాయి. కానీ ఆ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. హైదరాబాద్ చాలామటుకు ఈ రాతి మీదే నిలబడి ఉంది. గ్రానైట్‌లో మామూలుగా పది లక్షల భాగాలకు కొద్ది భాగాలు యురేనియం ఉంటుంది. అందులో నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైగా యురేనియం-238. దాని అర్ధాయువు దాదాపు 447 కోట్ల ఏళ్లు. అంటే, ఎంత యురేనియం ఉన్నా అందులో సగం తరిగిపోవడానికి అంత కాలం పడుతుంది. తరిగినది మెట్టు మెట్టుగా మారుతూ చివరికి సీసం అవుతుంది. లెక్క వేసి చూస్తే, ఈ రాయి గడ్డకట్టిన నాటి యురేనియం-238లో ఇప్పటికి దాదాపు మూడో వంతు పోయింది, రెండు వంతులు మిగిలింది. ఇలాంటి రాళ్ల వయసు తేల్చేది కూడా ఈ పద్ధతితోనే. జిర్కాన్ అనే ఖనిజపు నలుసుల్లో యురేనియం ఎంత, సీసం ఎంత అని కొలిచి చెబుతారు.

ఇంతవరకూ చిక్కేమీ లేదు. ఇప్పుడు ఒకే నలుసులో పక్కపక్కనే ఉన్న రెండు యురేనియం-238 పరమాణువుల సంగతి చూడండి. రెండింటి కేంద్రకాల్లోనూ 92 ప్రోటాన్లు, 146 న్యూట్రాన్లు. ఒకటి పాతబడలేదు, ఇంకొకటి బలహీనపడలేదు. ఎంత వెతికినా తేడా దొరకదు. అయినా ఒకటి వంద కోట్ల ఏళ్ల కిందటే విచ్ఛిన్నమైపోయింది, రెండోది ఇవాళ్టికీ అలాగే ఉంది. అదే ఎందుకు పోయింది, ఇదే ఎందుకు మిగిలింది?

క్వాంటం మెకానిక్స్‌ను మామూలుగా పాఠం చెప్పే పద్ధతిలో దీనికి జవాబు: కారణం లేదు. మనకింకా తెలియలేదని కాదు, అసలు లేదనే. ఒక గ్రాము యురేనియం-238లో సెకనుకు సుమారు 12,400 పరమాణువులు విచ్ఛిన్నమవుతాయని చెప్పగలం. ఆ అంకెను నమ్మి పరిశ్రమలు నడుస్తాయి. మౌలాలికి కొద్ది కిలోమీటర్ల లోపే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. దేశంలోని చాలా అణు రియాక్టర్లకు యురేనియం ఇంధనం తయారయ్యేది అక్కడే. ఎన్ని అన్నది అంత కచ్చితంగా తెలిసినప్పుడు, ఏవి అన్నదానికి కారణమే లేకపోవడం ఏమిటి? ఇంటర్‌లో అర్ధాయువు లెక్కలు వందలకొద్దీ చేయిస్తారు కానీ, ఈ ప్రశ్న దగ్గర ఎవరూ ఒక్క నిమిషం ఆగరు. సిలబస్‌లో లేదు మరి.

నిప్పు లేనిదే పొగ రాదని చిన్నప్పటి నుంచీ వింటున్నవాళ్లం. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉండి తీరాలన్నది మన నైయాయికులు, అంటే న్యాయ దర్శనం పండితులు, తరతరాలుగా చెప్పిన ఉదాహరణ. యూరప్‌లో ఈ పట్టుదలను కొసదాకా లాగినవాళ్లు 17వ శతాబ్దపు తత్వవేత్తలు ముగ్గురు: డెకార్ట్, స్పినోజా, లైబ్నిజ్. తత్వశాస్త్ర చరిత్రలో వీళ్లను హేతువాదులంటారు. మనకు హేతువాదం అనగానే గోరా, త్రిపురనేని రామస్వామి చౌదరి గుర్తొస్తారు. ఇది ఆ ఉద్యమం కాదు. డెకార్ట్, లైబ్నిజ్ దేవుడి మీదే తమ వాదం మొత్తం నిలబెట్టారు. స్పినోజా దేవుడు మరీ వేరే రకం, ప్రకృతికీ ఆయనకూ మధ్య గోడ ఉండదు. వీళ్లను కలిపేది ఒక నమ్మకం: లోకం బుద్ధికి అందేలా ఉంది, ఎందుకు అని అడిగితే ఎక్కడో ఒకచోట జవాబు ఉండే ఉంటుంది.

దీన్ని సూత్రంగా బిగించింది లైబ్నిజ్. ఏదైనా ఒకలా జరిగి మరోలా జరగలేదంటే, అలాగే జరగడానికి తగినంత కారణం ఉండాలి. మన పొగ, నిప్పు సామెత కంటే ఇది గట్టిది. ‘కారణం ఉంది’ అంటే సరిపోదు, ‘ఇలాగే ఎందుకు, వేరేలా ఎందుకు కాదు’ అన్నదానికి కూడా జవాబు చెప్పాలి. దీనికి ఆయన ఎత్తి చూపిన ఉదాహరణ ఆర్కిమెడిస్ త్రాసు. రెండు పళ్లేల్లో సమాన బరువులు ఉన్నాయి, అన్నీ రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. త్రాసు కదలదు. ఎందుకంటే ఒక వైపే దిగడానికి కారణం లేదు.

ఈ ఉదాహరణలో రెండు వేర్వేరు మాటలు కలిసిపోయి ఉన్నాయి. తేడాకు కారణం లేకపోతే తేడా ఉండకూడదు అన్నది ఒకటి. జరిగే ప్రతి సంఘటనకూ దాని సొంత కారణం ఉండాలి అన్నది రెండోది. లైబ్నిజ్‌కు ఇవి ఒకటే. గత వందేళ్ల ఫిజిక్స్ ఈ రెండింటినీ విడదీసింది. మొదటిదాన్ని నెత్తిన పెట్టుకుంది, రెండోదాన్ని దాదాపు గెంటేసింది. ఫిజిక్స్ హేతువాదాన్ని నిరూపించిందని ఒకరు, పాతిపెట్టిందని ఒకరు వాదించుకోవడం తరచూ వింటాం. ఇద్దరి దగ్గరా చెరో సగం ఉందని నా అభిప్రాయం.

మొదటి సగం కథ 1715లో మొదలైంది. న్యూటన్ పక్షాన శామ్యూల్ క్లార్క్, ఎదురుగా లైబ్నిజ్, ఇద్దరి మధ్యా ఉత్తరాల యుద్ధం. న్యూటన్ దృష్టిలో స్థలం ఒక పెద్ద ఖాళీ వేదిక, వస్తువులు ఉన్నా లేకున్నా అది ఉంటుంది. లైబ్నిజ్ అడిగాడు: అలాగైతే దేవుడు ఈ విశ్వాన్ని ఇక్కడ కాకుండా కొంచెం పక్కన పెట్టి ఉండొచ్చు కదా? తూర్పును పడమరగా, పడమరను తూర్పుగా తిప్పి పెట్టి ఉండొచ్చు కదా? అలా చేసినా వస్తువుల మధ్య దూరాలు, వరసలు ఏమీ మారవు. రెండింటికీ తేడా లేనప్పుడు దేవుడు ఒకదాన్నే ఎంచుకోవడానికి కారణం ఉండదు. కాబట్టి ఆ వేదికే కల్పన. స్థలమంటే వస్తువుల మధ్య సంబంధాలే. దేవుడి ఇచ్ఛే చాలినంత కారణం అన్నాడు క్లార్క్. తిరుగుతున్న బకెట్‌లో నీటి అంచు పైకి లేస్తుందే, దేనితో పోల్చి ఆ నీరు తిరుగుతోంది అన్న న్యూటన్ ప్రశ్న కూడా ఆ పక్షానే ఉంది. అదేమీ తేలికైన ప్రశ్న కాదు. 1716 నవంబరులో లైబ్నిజ్ చనిపోయాడు. వాదన అక్కడితో ఆగింది. తర్వాత రెండు వందల ఏళ్లు రాజ్యం న్యూటన్‌దే.

1905లో ఐన్‌స్టయిన్ రాసిన సాపేక్షతా వ్యాసం మొదటి పేరా చదివితే లైబ్నిజ్ లేచి కూర్చునేవాడు. అందులో ఉన్నది ఏ కాలేజీ ల్యాబ్‌లోనైనా చేసే ప్రయోగమే. ఒక తీగచుట్ట, ఒక అయస్కాంతం, ఒక గాల్వనోమీటర్. తీగచుట్టను కదలకుండా ఉంచి అయస్కాంతాన్ని లోపలికి తోస్తే ముల్లు కదులుతుంది. అయస్కాంతాన్ని కదలనివ్వకుండా తీగచుట్టను అంతే వేగంతో దాని మీదికి తెస్తే ముల్లు మళ్లీ అంతే కదులుతుంది. కరెంటు అదే. కానీ అప్పటి సిద్ధాంతం చెప్పే కథలు మాత్రం రెండు. అయస్కాంతం కదిలితే దాని చుట్టూ విద్యుత్ క్షేత్రం పుడుతుంది, అది తీగలోని ఆవేశాలను నెడుతుంది. తీగచుట్ట కదిలితే విద్యుత్ క్షేత్రమన్నదే పుట్టదు, కదిలే ఆవేశాలను అయస్కాంత క్షేత్రమే తోస్తుంది. ఐన్‌స్టయిన్‌కు నచ్చనిది ఇదే. జరిగే దాంట్లో లేని తేడా చెప్పే కథలో ఎక్కడి నుంచి వచ్చింది? ముల్లు పట్టించుకునేది ఒకదానితో పోల్చి మరొకదాని కదలికనే. అలాంటప్పుడు ‘నిజంగా కదిలేది ఏది’ అన్న ప్రశ్నకు పనే లేదు. ఆ పట్టుదలకు, కాంతి వేగం అందరికీ ఒకటే అన్న మాటను జోడిస్తే, కాలం, పొడవు చూసేవాడి కదలికను బట్టి మారతాయన్న ఫలితం దానంతటదే వస్తుంది.

మొత్తం ఘనత హేతువాదులకే కట్టబెట్టడం కూడా న్యాయం కాదు. బెర్న్‌లో ఐన్‌స్టయిన్, మిత్రులు ‘ఒలింపియా అకాడమీ’ అని సరదాగా పేరు పెట్టుకుని స్పినోజాను చదివారు, అనుభవవాది హ్యూమ్‌నూ చదివారు, భౌతిక శాస్త్రవేత్త మాక్‌నూ చదివారు. హ్యూమ్ తనకు ఎంత ఉపయోగపడ్డాడో ఐన్‌స్టయినే చెప్పుకున్నాడు. కొలవలేని దాన్ని ఉందనుకోకు అన్న హెచ్చరిక హ్యూమ్, మాక్‌ల దగ్గరిది. కారణం లేని తేడాను ఒప్పుకోకు అన్న మొండితనం లైబ్నిజ్‌ది.

ఆ మొండితనం రెండేళ్ల తర్వాత ఇంకోసారి పనికొచ్చింది. వస్తువును నెట్టడానికి ఎంత కష్టపడాలో చెప్పే ద్రవ్యరాశి, భూమి దాన్ని ఎంత లాగుతుందో చెప్పే ద్రవ్యరాశి రెండూ ఒకటే అని న్యూటన్ కాలం నుంచీ తెలుసు. ఎందుకు ఒకటో ఎవరూ చెప్పలేదు. కాకతాళీయం అని ఊరుకున్నారు. 1907లో ఐన్‌స్టయిన్ ఊరుకోలేదు. ఇంత కచ్చితమైన సమానత్వం ఉత్తపుణ్యానికి రాదు, గురుత్వాకర్షణకూ త్వరణానికీ మధ్య అసలు తేడాయే లేదని పట్టుబట్టాడు. 1915 నాటికి అదే సాధారణ సాపేక్షతా సిద్ధాంతం అయింది. 1919 మే 29 సూర్యగ్రహణంలో ఇంగ్లిష్ ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ బృందాలు, ఆ సిద్ధాంతం చెప్పినట్టే నక్షత్రాల కాంతి వంగడాన్ని ఫొటోలు తీశాయి. ఆ సమానత్వాన్ని ఈ మధ్య మైక్రోస్కోప్ అనే ఫ్రెంచ్ ఉపగ్రహం కోటి కోట్లలో ఒక వంతు కన్నా సన్నని స్థాయిలో పరీక్షించింది. తేడా దొరకలేదు.

ఇదంతా ఒక ఎత్తు, 1918లో ఎమ్మీ నోతర్ నిరూపించిన సిద్ధాంతం ఒక ఎత్తు. గాటింజెన్ విశ్వవిద్యాలయంలో అప్పటికి ఆమెకు సొంత పేరుతో పాఠం చెప్పే హక్కు కూడా లేదు. ఆడమనిషి కావడమే కారణం. ఆ సిద్ధాంతం సారం ఇది: సూత్రాల్లో ఒక సౌష్ఠవం ఉంటే, అంటే ఏదో ఒకటి మార్చినా సూత్రాలు మారకపోతే, దానికి జతగా ఏదో ఒక రాశి తరగకుండా పెరగకుండా నిలిచి ఉంటుంది. ఒక చోటికీ ఇంకో చోటికీ సూత్రాలు తేడా చూపించకపోతే ద్రవ్యవేగం నిలుస్తుంది. ఒక దిక్కుకూ ఇంకో దిక్కుకూ తేడా చూపించకపోతే కోణీయ ద్రవ్యవేగం నిలుస్తుంది. నిన్నకూ ఇవాళ్టికీ తేడా చూపించకపోతే శక్తి నిలుస్తుంది.

లైబ్నిజ్ త్రాసుకు అసలైన వారసుడు ఇదే. తేడా చూపించడానికి కారణం లేదు అన్న ఒక్క మాటలోంచి టెన్త్ పుస్తకంలో మనం బట్టీపట్టిన ‘శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం’ బయటికి వస్తుంది. 1644లో డెకార్ట్ కూడా ఇలాంటి పనే చేయబోయాడు. దేవుడు మారడు కాబట్టి లోకంలోని కదలిక మొత్తం మారదన్నాడు. ఆలోచన దారి బాగానే ఉంది కానీ, లెక్క దిశను వదిలేసింది. అందుకే వస్తువులు ఢీకొన్నప్పుడు ఏమవుతుందో చెప్పే ఆయన నియమాలు చాలావరకు తప్పాయి. దేవుడి స్వభావం నుంచి బయల్దేరితే ఏ రాశి నిలుస్తుందో తేలదు. సూత్రాల సౌష్ఠవం నుంచి బయల్దేరితే తేలుతుంది.

నోతర్ సిద్ధాంతంలో నాకు అన్నిటికన్నా నచ్చేది, అది తన హద్దును తానే చెప్పడం. నిన్నకూ ఇవాళ్టికీ తేడా ఉంటే శక్తి నిలవాల్సిన పని లేదు. విశ్వం విస్తరిస్తోంది, అంటే మొత్తంగా చూస్తే నిన్నటి విశ్వం ఇవాళ్టిది కాదు. బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 3,80,000 ఏళ్లకు బయల్దేరిన కాంతి మన దాకా వచ్చేసరికి దాని తరంగదైర్ఘ్యం దాదాపు 1,100 రెట్లు సాగింది. ఒక్కో ఫోటాన్ శక్తి అన్ని రెట్లు తగ్గింది. పోయిన శక్తి ఎక్కడికి వెళ్లింది అని అడిగితే, ఎక్కడికీ వెళ్లలేదు, మొత్తం విశ్వానికి వర్తించే శక్తి లెక్క ఒకటి అక్కడ ఉండాల్సిన అవసరమే లేదు అని చాలామంది భౌతిక శాస్త్రవేత్తలు చెబుతారు. టెన్త్ వాక్యం దగ్గర పెరిగినవాళ్లకు ఇది వినడానికే ఇబ్బందిగా ఉంటుంది.

లైబ్నిజ్ ఇదే సూత్రం నుంచి ఇంకో మాట కూడా లాగాడు: అన్ని విధాలా ఒకేలాంటి వస్తువులు రెండు ఉండవు. క్లార్క్‌కు రాసిన ఉత్తరంలో దీనికో ముచ్చట చెప్పాడు. హానోవర్‌లోని హెరెన్‌హౌజన్ తోటలో, రాకుమారి సోఫియా సమక్షంలో, ఒక పెద్దమనిషి అచ్చంగా ఒకేలా ఉండే ఆకులు రెండు దొరుకుతాయని వాదించాడు. అయితే తెచ్చి చూపించమంది ఆవిడ. పాపం ఆయన తోటంతా చాలాసేపు తిరిగాడు. దొరకలేదు.

ఈ విషయంలో మన ప్రాచీన పరమాణువాదులైన వైశేషికులు లైబ్నిజ్ కంటే చాలా ముందే, కానీ వేరే తోవలో నడిచారు. ఒకే జాతి పరమాణువులు గుణాల్లో ఒకేలా ఉండొచ్చు, అయినా ప్రతిదానిలో ‘విశేషం’ అనేది ఒకటి ఉండి దాన్ని మిగతావాటి నుంచి వేరు చేస్తుందన్నారు. వాళ్ల దర్శనానికి ఆ పేరే దాని వల్ల వచ్చిందంటారు. ఇద్దరిలో ఎవరు రైటు? దీన్ని తేల్చే లెక్క 1924లో ఢాకా నుంచి వచ్చింది.

సత్యేంద్రనాథ్ బోస్ లెక్క సారాన్ని రెండు కణాలు, రెండు గదులతో చూడొచ్చు. కణాలకు విశేషం ఉంటే, అంటే ఇది ‘క’, అది ‘చ’ అని చెప్పగలిగితే, అమరికలు నాలుగు: రెండూ ఎడమ గదిలో, రెండూ కుడి గదిలో, క ఎడమన చ కుడిన, చ ఎడమన క కుడిన. నాలుగింటికీ సమాన అవకాశం ఇస్తే రెండూ ఒకే గదిలో ఉండే సందర్భాలు సగం. కానీ క, చ అన్న గుర్తింపే లేకపోతే చివరి రెండూ ఒకటే అమరిక. అప్పుడు ఉన్నవి మూడే, ఒకే గదిలో ఉండేవి మూడింట రెండు. ఫోటాన్లను ఈ రెండో పద్ధతిలో లెక్కపెడితేనే, వేడి వస్తువుల నుంచి వచ్చే కాంతిని వర్ణించే ప్లాంక్ సూత్రం సరిగ్గా వచ్చింది. బోస్ ఆ వ్యాసాన్ని ఐన్‌స్టయిన్‌కు పంపాడు. ఐన్‌స్టయిన్ స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించాడు. తాను చేసింది అంత కొత్తదని అప్పట్లో తనకే తెలియదని బోస్ తర్వాత చెప్పుకున్నాడు. 1995లో అమెరికాలో సుమారు 2,000 రుబిడియం పరమాణువులను పరమ శూన్యానికి డిగ్రీలో కోటి వంతుల స్థాయి దగ్గరికి చల్లబరిచి ఒకే స్థితిలోకి చేర్చారు. గుంపు కట్టడానికి మొగ్గు చూపే ఆ లెక్క అక్కడ పదార్థంగా కనిపించింది.

అంటే వైశేషికుల విశేషం ఓడిపోయింది. లైబ్నిజ్ గెలిచాడా అంటే, సగమే. తారుమారు చేసినా తేడా రానివాటిని రెండుగా లెక్కపెట్టకూడదన్న మాట గెలిచింది. ఒకేలాంటివి రెండు ఉండవన్న మాట మాత్రం నిలబడలేదు. ఆ 2,000 పరమాణువులు 2,000గానే ఉన్నాయి, ఒకదాన్ని మరొకదాని నుంచి వేరుగా చూపించే మార్గం మాత్రం లేదు. తత్వవేత్తలు దీని మీద ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

తేడాకు కారణం కనిపించకపోతే తేడా లేదని అనుకోవడం ఎంత ప్రమాదమో తెలిసింది 1957లో. తూర్పు పడమరలు తారుమారు చేస్తే ఏమీ మారదని లైబ్నిజ్ అన్నాడు కదా, సరిగ్గా ఆ మాటే. అద్దంలో కనిపించే లోకం కూడా మన సూత్రాల ప్రకారమే నడుస్తుందని అందరూ నమ్మారు. ప్రకృతికి కుడి ఎడమల్లో ఒకదాని మీద పక్షపాతం ఎందుకుంటుంది? 1956లో లీ, యాంగ్ అనే ఇద్దరు యువ శాస్త్రవేత్తలు పాత ప్రయోగాలన్నీ తిరగేసి ఒక మాట చెప్పారు: రేడియోధార్మికతలో పనిచేసే బలహీన బలం విషయంలో దీన్ని ఎవరూ పరీక్షించనే లేదు. షియన్ షుంగ్ వూ ఆ పనికి పూనుకుంది. వాషింగ్టన్‌లోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ వాళ్లతో కలిసి కోబాల్ట్-60ను పరమ శూన్యానికి డిగ్రీలో వందో వంతు దగ్గరికి చల్లబరిచి, దాని కేంద్రకాలన్నీ ఒకే దిక్కుకు స్పిన్ (బొంగరపు తిరుగుడు లాంటి గుణం) చూపేలా అయస్కాంత క్షేత్రంలో నిలబెట్టింది. అద్దం సౌష్ఠవం నిజమైతే, విచ్ఛిన్నంలో వెలువడే ఎలక్ట్రాన్లు స్పిన్ దిక్కుకూ దాని ఎదుటి దిక్కుకూ సమానంగా రావాలి. రాలేదు. ఎదుటి దిక్కుకే ఎక్కువ వచ్చాయి. దేవుడు ఎడమచేతి వాటం వాడంటే నమ్మనని అంతకుముందే ఉత్తరం రాసిన భౌతిక శాస్త్రవేత్త పౌలీ లాంటి మహామహులు నోరు వెళ్లబెట్టారు. ఆ ఏడాదే లీ, యాంగ్‌లకు నోబెల్ వచ్చింది. వూకు రాలేదు. దానికి తగినంత కారణం నాకైతే ఇప్పటికీ కనిపించదు.

ఎడింగ్టన్ కథ ఇంకా చేదు. విద్యుదయస్కాంత బలం ఎంత అన్నది చెప్పే ఒక సంఖ్యను తిరగేస్తే అది 136 అయి తీరాలని ఆయన శుద్ధ తర్కంతో తేల్చాడు. కొలతలు 137 వైపు జరిగాయి. ఆయన తర్కం కూడా 137కి జరిగింది. అసలు విలువ సుమారు 137.036. కారణం కావాలన్న తపన వేరు, వచ్చిన జవాబుకు కారణం అల్లడం వేరు.

ఇక రెండో సగం: ప్రతి సంఘటనకూ సొంత కారణం ఉండాలి అన్నది. మళ్లీ మన రెండు యురేనియం పరమాణువుల దగ్గరికి. పైకి ఒకేలా కనిపిస్తున్నాయి సరే, లోపల మనకింకా కనపడని తేడా ఏదో ఉండి, అదే ఎప్పుడు విచ్ఛిన్నం కావాలో ముందే రాసిపెట్టిందేమో? క్వాంటం సిద్ధాంతం అసంపూర్ణమేమో? 1935లో ఐన్‌స్టయిన్, పొడోల్‌స్కీ, రోజెన్ వాదించింది ఈ అసంపూర్ణత గురించే. దాదాపు ముప్ఫై ఏళ్లు ఇది రుచుల గొడవగానే మిగిలింది. 1964లో జాన్ బెల్ దీన్ని ల్యాబ్‌లో తేల్చగల ప్రశ్నగా మార్చాడు. గణితం లేకుండా అసలు ఎత్తు పట్టుకోవచ్చు, కాస్త ఓపిక ఉంటే చాలు.

కవల పిల్లలు ఇద్దరు. ఒకరికి పరీక్ష సెంటర్ కూకట్‌పల్లిలో, ఇంకొకరికి ఎల్బీ నగర్‌లో. ఫోన్లు లేవు. మూడు ప్రశ్నలున్నాయి, ప్రతిదానికీ జవాబు అవును లేదా కాదు. ఒక్కో సెంటర్‌లో ఇన్విజిలేటర్ అప్పటికప్పుడు మూడింట్లో ఒకటి తనకు తోచింది అడుగుతాడు. ఇలా ఎన్నో జతల కవలలను పరీక్షించి చూస్తే, ఇద్దరికీ ఒకే ప్రశ్న పడ్డ ప్రతిసారీ జవాబులు ఒకటే. ఎవరైనా ఏమంటారు? ముందే మాట్లాడుకుని వచ్చారంటారు. మూడు జవాబులూ ఇద్దరి బుర్రల్లోనూ రాసి ఉన్నాయి, అదే కారణం.

సరే, అలాగే అనుకుందాం. మూడు ప్రశ్నలు, రెండే రకాల జవాబులు కాబట్టి కనీసం రెండు ప్రశ్నలకు జవాబు ఒకటే అయి ఉండాలి. అవును, అవును, కాదు అని రాసుకొచ్చారనుకోండి. ఇద్దరికీ వేర్వేరు ప్రశ్నలు పడితే, ఒకటి-రెండు జతలో జవాబులు కలుస్తాయి, ఒకటి-మూడులో కలవవు, రెండు-మూడులో కలవవు. అంటే మూడింట ఒక వంతు కలుస్తాయి. మూడింటికీ ఒకే జవాబు రాసుకొచ్చి ఉంటే ప్రతిసారీ కలుస్తాయి. ఎలా రాసుకొచ్చినా మూడో వంతు కన్నా తగ్గే దారి లేదు. జతగా పుట్టిన ఫోటాన్లను మూడు కోణాల్లో ధ్రువణం (కాంతి కంపించే దిశ) అడిగితే క్వాంటం మెకానిక్స్ చెప్పేది నాలుగో వంతు. మూడో వంతు కన్నా తక్కువ!

ఇలాంటి పోలికలనే కొలిచిన ప్రయోగాల్లో 1972లో క్లాజర్, ఫ్రీడ్‌మన్, 1982లో ఆస్పే బృందం క్వాంటం లెక్కే సరైనదని చూపించారు. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల దూరంలో ఉంచిన ఎలక్ట్రాన్లతో, అంతకుముందు ఆక్షేపించిన ప్రధానమైన లొసుగులు మూసి చేశారు. ఫలితం అదే. 2022 నోబెల్ క్లాజర్, ఆస్పే, జైలింగర్‌లకు వచ్చింది.

ఇక్కడ చాలా వ్యాసాలు ఒక మెట్టు దాటేసి, ‘కాబట్టి కారణ సూత్రం చచ్చిపోయింది’ అని రాసేస్తాయి. బెల్ నిరూపించింది అది కాదు. కణం తన కారణాన్ని తన దగ్గరే దాచుకుని, దూరాన ఉన్న దాని ప్రభావం లేకుండా నడుచుకుంటుంది అన్నదొక్కటే కూలింది. 1952లో బోమ్ ఇచ్చిన సిద్ధాంతంలో ప్రతి కణానికీ నిర్దిష్టమైన స్థానం ఉంది, ప్రతి విచ్ఛిన్నానికీ కారణం ఉంది. కాకపోతే ఎల్బీ నగర్‌లో అడిగిన ప్రశ్న అదే క్షణాన కూకట్‌పల్లిలో పనిచేస్తుంది. బెల్‌కు ఈ సిద్ధాంతం మీద మక్కువ ఎక్కువ. అందులోనూ, మొదట కణాలు ఆయా స్థానాల్లోనే ఎందుకున్నాయి అని అడిగితే లైబ్నిజ్‌కు మళ్లీ మౌనమే. 1957లో ఎవరెట్ ఇంకో దారి తొక్కాడు. విచ్ఛిన్నం కావడం, కాకపోవడం రెండూ జరుగుతాయి, విశ్వం శాఖలుగా చీలుతుంది. అప్పుడు దేన్నీ ఎంచుకోవడం లేదు కాబట్టి, ఎందుకు ఎంచుకుంది అన్న ప్రశ్నే లేదు. త్రాసు రెండు వైపులా దిగుతుందన్నమాట. లైబ్నిజ్‌కు ఇది నచ్చేదో లేదో కానీ, ఆయన సూత్రం కోసం ఇంత ఖరీదు ఎవరూ కట్టలేదు.

నా మట్టుకు నాకు ఈ రెండు బేరాలూ ఎక్కవు. మౌలాలి రాతిలో ఒక పరమాణువు పోవడానికి కారణం చూపించడం కోసం అసంఖ్యాకమైన విశ్వాలను మోయాలా? తేడా లేని చోట తేడా చూపించకు అన్న సూత్రమే ఇక్కడ సరిగ్గా పనిచేస్తోందని కూడా అనొచ్చు. రెండు పరమాణువులకూ తేడా లేదు, కాబట్టి రెండింటికీ విచ్ఛిన్నమయ్యే అవకాశం సరిగ్గా సమానం. అర్ధాయువు అంకె అంత కచ్చితంగా ఉండడానికి కారణం అదే. మొదటి సగాన్ని మనసారా ఒప్పుకుంటే రెండో సగం లేకపోయినా పని నడుస్తుంది. బోమ్ పక్షం వాళ్లు ఇది ఓడినవాడి సర్దుబాటు అంటారు. అననివ్వండి.

ఈ మధ్య కారణం లేకపోవడానికే గిరాకీ పుట్టింది. రహస్య సంకేతాలకు ఎవరూ ముందుగా ఊహించలేని అంకెలు కావాలి. కంప్యూటర్ సొంతంగా కల్పించే యాదృచ్ఛిక సంఖ్యల వెనక ఎప్పుడూ ఒక సూత్రం దాగి ఉంటుంది, అది తెలిసినవాడు ఊహించేస్తాడు. బెల్ పరీక్షను తిరగేసి వాడితే, వచ్చిన అంకెలు ముందే ఎక్కడా రాసి లేవని నిరూపించుకోవచ్చు. 2010లో సుమారు ఒక మీటరు దూరంలో ఉంచిన రెండు యిటర్బియం అయాన్లతో ఈ పని చేశారు. అంత శ్రమకూ దక్కినవి 42 బిట్లు. అయితే అందులో ఒక మెలిక ఉంది. పరీక్ష చెల్లాలంటే ఏ అయాన్‌ను ఏ ప్రశ్న అడగాలో ముందే ఎవరూ ఊహించలేని విధంగా ఎంచుకోవాలి. అందుకని మొదట్లోనే కొన్ని యాదృచ్ఛిక అంకెలు చేతిలో ఉండాలి. వాటిని ఎక్కడి నుంచి తెచ్చారు, వాటి వెనక ఏ కారణమూ లేదని ఎవరు హామీ ఇచ్చారు అని లైబ్నిజ్ పక్షం వాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.